అమ్మ కిడ్నీ రిపోర్ట్ మా చేతికి రాకముందే ప్రైవేటు వాళ్ల ఫోన్ వచ్చింది

పాకాల అబ్బాయి
ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. తిరుపతిలో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. మా అమ్మకు పదేళ్లుగా షుగర్. కాళ్లకు నీరు పడుతోందని మొన్న సోమవారం ఒక ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఆసుపత్రి పేరు రాయను. అక్కడి డాక్టరమ్మ అమ్మను చాలా బాగా చూసింది, ఆమెకు మాట రాకూడదు.

ఓపీ చీటీ దగ్గర ఆధార్ అడిగారు, ఇచ్చాం. నా ఫోన్‌కు ఓటీపీ వచ్చింది, చెప్పమన్నారు. దేనికని అడిగేలోపే వెనక క్యూలో నుంచి ఒక పెద్దాయన "బిరీన కానీ నాయనా, నిలబడలేకపోతున్నా" అన్నాడు. చెప్పేశాను. ఒక నిమిషానికి ఇంకో ఓటీపీ. అదీ చెప్పాను. రక్తం ఇచ్చేది వేరే కిటికీలో. అక్కడున్న పిల్లాడి చొక్కా మీద ఏదో కంపెనీ గుర్తు ఉంది. వాళ్లూ ఫోన్ నంబరు రాసుకున్నారు. రిపోర్ట్ రేపు సాయంత్రం అన్నారు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండుంబావుకు, షాపులో ఉండగా ఫోన్ మోగింది. ఎవరో ఆడపిల్ల, చాలా మర్యాదగా మాట్లాడింది. అమ్మ పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. "అమ్మగారికి క్రియాటినిన్ 3.1 ఉంది కదా సార్. ఆలస్యం చేస్తే డయాలసిస్ దాకా పోతుంది. మా దగ్గర కిడ్నీ ప్యాకేజీ ఉంది, ఈ రోజు బుక్ చేసుకుంటే తగ్గిస్తాం" అంది. క్రియాటినిన్ అంటే కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అని నాకు అప్పటికి తెలీదు. ఎదురుగా ఉన్న బిల్లు వెనకాల ఆ అంకె రాసుకున్నాను. సాయంత్రం ఆసుపత్రికి పోయి రిపోర్ట్ తీసుకున్నాను. అందులో అదే అంకె. 3.1.

నాకు కాళ్లల్లో సత్తువ పోయింది. మా అమ్మ ఒంట్లో ఏముందో కన్నకొడుక్కి తెలిసేలోపే బయటివాళ్లకు తెలిసింది. ఎవరిచ్చారు? ఎవర్ని అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.


రేణిగుంట శ్రీను
ఆదివారం, రాత్రి 9.40

తమ్ముడూ, మీ ఒక్కరికే కాదు. మా ఆవిడకు ఐదో నెల స్కాన్ తీయించిన వారంలోనే బొడ్డుతాడు రక్తం దాచిపెట్టుకోండి అంటూ ఫోన్లు మొదలయ్యాయి. ఏడో నెలలో బిడ్డ దక్కలేదు. ఫోన్లు మాత్రం ఆగలేదు. డెలివరీ తేదీ అనుకున్న వారంలో "కంగ్రాట్స్ సార్, పాపా బాబా" అని అడిగారు. ఆ ఫోన్ మా ఆవిడే ఎత్తింది. ఇంతకంటే రాయలేను.


పుత్తూరు సాఫ్ట్‌వేర్
ఆదివారం, రాత్రి 10.25

శ్రీనన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

నేను బెంగళూరులో ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. తెలిసినంత చెబుతాను. పాకాల బ్రదర్‌కు వచ్చిన రెండు ఓటీపీల్లో ఒకటి ఆభా కోసం అయ్యుంటుంది. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను 2021 సెప్టెంబర్ 27న దేశమంతటా మొదలుపెట్టారు. అందులో ఆరోగ్య రికార్డులను కలిపేందుకు మనిషికి ఇచ్చే 14 అంకెల నంబరే ఆభా. ఈ నంబరు తీసుకోవాలన్న బలవంతం లేదు. అది లేదని వైద్యం ఆపకూడదు. తీసుకున్నాక వద్దనుకుంటే తీసేయించుకోవచ్చు కూడా. కౌంటర్ దగ్గర ఈ మూడు మాటల్లో ఒక్కటీ ఎవరూ చెప్పరు.

అయితే ఆ ఫోన్‌కు కారణం ఆభానే అని నేను అనుకోవడం లేదు. ఆ పద్ధతిలో రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒక కంప్యూటర్‌లో కుప్పపడి ఉండవు. ఏ ఆసుపత్రిలో పుట్టిన రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. ఇంకొకరు చూడాలంటే మన యాప్‌కు అనుమతి అడుగుతూ వస్తుంది. కాగితం మీద ఆ ఏర్పాటు బాగానే ఉంది. దొంగతనం జరిగేది దానికి ముందే, రిపోర్ట్ పుట్టిన చోట.

నేను కళ్లారా చూసింది ఒకటి. రెండేళ్ల కిందట ఒక ల్యాబ్ సాఫ్ట్‌వేర్ మా చేతికి వచ్చింది. రోగికి ఎస్ఎంఎస్‌లో ఒక లింక్ పోతుంది, నొక్కితే రిపోర్ట్ తెరుచుకుంటుంది. లింక్ చివర ఒక నంబరు ఉంది. 48112 అనుకోండి. నేను దాన్ని 48113 అని మార్చి నొక్కాను. ఎవరో యాభై ఏళ్ల ఆయన హెచ్ఐవీ రిపోర్ట్ తెరుచుకుంది. పేరు, వయసు, ఫోన్ నంబరు, అన్నీ. పాస్‌వర్డ్ లేదు, ఏమీ లేదు. ఆ రోజే మూయించాం. అప్పటికి అది ఏడాదిన్నరగా అలాగే నడుస్తోంది.


కాంట్రాక్ట్ ల్యాబ్
ఆదివారం, రాత్రి 11.50

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పని ప్రభుత్వ ఆసుపత్రిలో, జీతం కంపెనీ నుంచి. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతోనే రాస్తున్నాను.

మా దగ్గర ఏడుగురికి ఒకే లాగిన్. పాస్‌వర్డ్ తెల్ల ప్లాస్టర్ ముక్క మీద రాసి మానిటర్ కింద అంటించారు. ఎవరు ఏ రిపోర్ట్ తెరిచారో కనిపెట్టే దారి లేదు, ఎందుకంటే అందరం ఒకే పేరుతో తెరుస్తాం. రిపోర్టులు ముందు వాట్సాప్ గ్రూపులో పడతాయి. అందులో నూట నలభై మంది ఉన్నారు. మానేసి వేరే ల్యాబుల్లో, వేరే ఆసుపత్రుల మార్కెటింగ్‌లో చేరినవాళ్లు ఇంకా ఆ గ్రూపులోనే ఉన్నారు. వాళ్లను తీసేయాలని ఎవరికీ గుర్తురాదు.

ఆ గ్రూపు ఎందుకు పెట్టారో కూడా చెప్పాలి. రాత్రి రెండింటికి ఒకరికి పొటాషియం 7 వచ్చింది. గుండె ఆగిపోయే అంకె అది. సిస్టమ్‌లో ఎక్కించి, డాక్టరు చూసి, అదంతా అయ్యేసరికి మనిషి ఉండడు. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. డ్యూటీ డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఆ మనిషి బతికాడు. అందుకే గ్రూపు తీసేయండి అని నోరు తెరిచి అనలేను. కానీ పాకాల అన్నా, మీ అమ్మగారి 3.1 ఇలాంటి గ్రూపు నుంచే పోయి ఉంటుందని నా మనసు చెబుతోంది. మీరు వెళ్లిన ఆసుపత్రి మాది కాకపోవచ్చు. అయినా నన్ను క్షమించండి.


పాకాల అబ్బాయి
సోమవారం, ఉదయం 6.05

మీరు క్షమాపణ చెప్పాల్సిన పని లేదు తమ్ముడూ. మీరు రాయబట్టే నాకు కొంచెం అర్థమైంది. మీ జీతం ఎంతో అడగను గానీ, ఆ ఏడుగురికీ ఏడు లాగిన్లు ఇవ్వడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది?


రిటైర్డ్ సిస్టర్
సోమవారం, ఉదయం 7.30

మీ అందరికంటే పెద్దదాన్ని, కాస్త ఓపికగా చదవండి. 1986లో స్టాఫ్‌నర్స్‌గా చేరాను. జిల్లాలో మూడు ఆసుపత్రులు తిరిగి రిటైరయ్యాను.

మా రోజుల్లో రికార్డుల గది అని ఒకటి ఉండేది. ఆకుపచ్చ రంగు ఇనప బీరువాలు, కేస్ షీట్లు ఏడాది వారీగా దారంతో కట్టి పెట్టేవాళ్లు. తాళంచెవి రికార్డ్ అసిస్టెంట్ మొలతాడుకు ఉండేది, నిజంగానే. ఒకసారి ఒక పెద్దమనిషి, ఊళ్లో పలుకుబడి ఉన్నవాడు, భార్య కేస్ షీట్ చూపించమని వచ్చాడు. ఆమె ఎందుకు అడ్మిట్ అయిందో ఆయనకు తెలియాలట. సూపరింటెండెంట్ దాకా పోయాడు. ఆ అసిస్టెంట్ పదో తరగతి చదివినవాడు. "అమ్మగారే వచ్చి అడిగితే ఇస్తాం సార్, మీకివ్వను" అన్నాడు. గది తలుపు తీయలేదు. అతనిది పర్మినెంట్ ఉద్యోగం. ఎవరికీ భయపడాల్సిన అవసరం లేకపోయింది.

తర్వాత ఒక్కొక్కటీ బయటికి పోయింది. మొదట ఊడ్చేవాళ్లు, తర్వాత సెక్యూరిటీ. 2016 జనవరిలో ఎన్టీఆర్ వైద్య పరీక్ష అని ల్యాబ్ టెస్టులు కంపెనీ చేతికి వెళ్లాయి. డయాలసిస్ వెళ్లింది, స్కాన్లు వెళ్లాయి. చివరికి ఓపీ చీటీ రాసే కంప్యూటర్ ఆపరేటర్ కూడా ఏజెన్సీ మనిషే. రోగి దగ్గర డబ్బు తీసుకోలేదు, అది నిజం. అంతకుముందు బయట రాయించుకునే థైరాయిడ్ లాంటివి కూడా ఉచితంగా చేశారు, అదీ నిజం. కానీ మా సొంత ల్యాబ్‌లో మిషన్లు దుమ్ముపట్టాయి. వాటి మీద పనిచేసే చేతులు వేరే సెక్షన్లకు పోయాయి.

పని బయటికి ఇచ్చినప్పుడు దాంతోపాటు కాగితం కూడా బయటికి పోతుందని అప్పుడు మాకెవరికీ తట్టలేదు. మేం జీతాల గురించి ధర్నా చేశాం, ఖాళీల గురించి చేశాం. రోగి రికార్డు ఎవరి దగ్గర ఉంటుంది అని ఒక్కరోజు కూడా అడగలేదు. ఆ తప్పు మాదే.


గంగవరం రైతు
సోమవారం, ఉదయం 10.10

సిస్టర్ గారికి నమస్కారం. మీ మాట కాదనడం లేదు గానీ రెండో వైపు కూడా రాయాలి.

నేను డయాలసిస్ మనిషిని, నాలుగో ఏడు. మొదటి ఏడాది వారానికి మూడుసార్లు తిరుపతికి పోయి వచ్చేవాణ్ణి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బస్సు పట్టుకుని, మిషన్ మీద నాలుగు గంటలు పడుకుని, ఇల్లు చేరేసరికి చీకటి పడేది. దారిలో వాంతులు. ఆవులు అమ్మేశాను, పాలు పితికేవాళ్లు లేక. తర్వాత మాకు దగ్గరి ఆసుపత్రిలో కేంద్రం పెట్టారు. నడిపేది ప్రైవేటు కంపెనీనే. 2016లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన డయాలసిస్ పథకమే ప్రైవేటు భాగస్వామ్యంతో నడిచేది. నాకు పైసా ఖర్చు లేదు. నెలకు 10,000 పింఛను వస్తుంది. ఇప్పుడు మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను. మళ్లీ రెండు ఆవులు కొన్నాను.

ప్రైవేటు అనగానే తరిమేయమంటే నాబోటివాడు ఎక్కడికి పోవాలి? నా పేరు, నా రోగం ఎవరికి తెలిసినా నాకు ఫరవాలేదు. ఊరంతటికీ తెలుసు.


వేలూరు దారి
సోమవారం, ఉదయం 11.00

మాది చిత్తూరు. మాకు పెద్ద జబ్బు అంటే వేలూరే, గంట ప్రయాణం. నాన్నకు అక్కడి సీఎంసీ ఆసుపత్రిలో ఇచ్చిన హాస్పిటల్ నంబరు పాతికేళ్లది. ఆ ఒక్క నంబరు చెబితే అప్పటి ఎక్స్‌రే నుంచి అన్నీ డాక్టరు ముందుకు వస్తాయి. అదే చిత్తూరులో చూపించినప్పుడల్లా మేం ప్లాస్టిక్ కవరు మోసుకుని పోవాలి. ఒకసారి ఆ కవరు బస్సులో మర్చిపోయాం. ఎంఆర్ఐ మళ్లీ తీయించాల్సి వచ్చింది.

కాబట్టి రికార్డు కంప్యూటర్‌లో ఉండటం నాకు కావాలి. అది నాన్న కోసం ఉండాలి. ఎవడి వ్యాపారం కోసమో కాదు.


ఆశా అక్క, శ్రీకాళహస్తి వైపు
సోమవారం, మధ్యాహ్నం 2.45

గంగవరం అన్నా, నీ రోగం ఊరంతటికీ తెలిసినా ఫరవాలేదన్నావు. నువ్వు మగవాడివి, పెళ్లయి పిల్లలున్నవాడివి. నేను చెప్పేది ఒక ఆడపిల్ల గురించి. ఊరు, కులం ఏమీ రాయను.

ఆ పిల్లకు ఇరవై రెండేళ్లు, టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగించాను. వాళ్ల ఇంటికి పోతే పక్కవాళ్లకు అనుమానం వస్తుందని మాత్రల షీట్లు సంచిలో గోధుమపిండి ప్యాకెట్ కింద పెట్టుకుని పోయేదాన్ని. టీబీ రోగులకు బలమైన తిండి కోసం ప్రభుత్వం నెలకు 500 వేసేది, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. దాంతోపాటు దాతలు పోషకాహారం బుట్టలు ఇస్తారు, నిక్షయ్ మిత్ర అంటారు. రోగి ఒప్పుకుంటేనే ఇవ్వాలి. పిల్ల సంతకం పెట్టింది, బుట్ట కోసమే. పప్పు, నూనె, వేరుశనగలు వస్తాయని.

ఇచ్చిన రోజు వరుసగా నిలబెట్టి ఫోటో తీశారు. చేతిలో బుట్ట, వెనకాల బ్యానర్. ఆ బ్యానర్ మీద టీబీ అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది. సాయంత్రానికి ఆ ఫోటో మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. పై వారం పెళ్లివాళ్లు నిశ్చితార్థం వద్దనుకున్నారు. అప్పటికి పిల్లకు మందులు పూర్తయి నెగెటివ్ కూడా వచ్చింది. వాళ్లమ్మ నన్ను పట్టుకుని "నిన్ను నమ్మినాం కదమ్మా" అంది. నేనేం జవాబు చెప్పేది? ఫోటోలో మొహాలు కనిపించకుండా చేయండని ఆ రోజు అడిగాను. పైవాళ్లకు రిపోర్ట్ పంపాలి, మొహం కనపడాలి అన్నారు.

ఆభా నంబర్లు చేయించడం కూడా మాకే చెబుతారు. ఈ నెలలో ఇన్ని కావాలంటారు. ముసలమ్మల దగ్గర వేలిముద్ర పెట్టించుకుంటాం. ఇదేంటి పాపా అంటే "ఆరోగ్యం కార్డు అవ్వా" అంటాను. అంతకుమించి నాకూ ఎవరూ చెప్పలేదు.


పుత్తూరు సాఫ్ట్‌వేర్
సోమవారం, మధ్యాహ్నం 3.20

అక్కా, మీరు చెప్పిన ఈ ఒక్క సంగతి చాలు. ఇక్కడ హ్యాకర్ లేడు, సర్వర్ లేదు. ఒక బ్యానర్, ఒక ఫోన్ కెమెరా.

మా ఆఫీసుల్లో 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద జరిగిన సైబర్ దాడి గురించే చెప్పుకుంటాం. అప్పుడు ఓపీ, ల్యాబ్ అన్నీ రోజుల తరబడి చేతిరాత మీద నడిచాయి. 2023 జూన్‌లో కోవిడ్ టీకాల కోవిన్ పోర్టల్ వివరాలు టెలిగ్రామ్‌లో బయటపడ్డాయని దేశమంతా మాట్లాడుకుంది. అవి పెద్దవే, కాదనను. కానీ మన జిల్లాలో మనుషుల బతుకులు చెడుతున్నది వాట్సాప్‌లో.


మదనపల్లె మాస్టారు
సోమవారం, రాత్రి 8.15

ఈ చర్చలో మదనపల్లె మాట రాకపోతే లోటు. వందేళ్లు దాటిన ఆరోగ్యవరం టీబీ శానిటోరియం మా ఊరి పక్కనే ఉంది. ఎక్కడెక్కడి రోగులో వచ్చి నెలల తరబడి ఉండి బాగుపడి వెళ్లిన చోటు. దాన్ని పెట్టింది క్రైస్తవ మిషనరీలు, అదీ సర్కారు సంస్థ కాదు. కాబట్టి గంగవరం సోదరుడు చెప్పినట్టు, ప్రైవేటు అనే మాట ఒక్కటే పట్టుకుని మాట్లాడితే లాభం లేదు. ఎవరి కోసం నడుస్తోంది, ఎవరికి జవాబుదారీ అన్నది చూడాలి.

ఇప్పుడు మెడికల్ కాలేజీ సంగతి. రాష్ట్రంలో 17 కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు అన్నారు, మదనపల్లె అందులో ఒకటి. 2023 సెప్టెంబర్‌లో ఐదు మొదలయ్యాయి. మాది గోడల దగ్గరే నిలిచింది. 2025 సెప్టెంబర్‌లో పది కాలేజీలను పీపీపీ (ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం) పద్ధతిలో ఇవ్వాలని ఈ ప్రభుత్వం నిర్ణయించింది. మొదటి విడత నాలుగింటిలో మదనపల్లె ఉంది. దాని మీద ప్రతిపక్షం కోటి సంతకాలు అని తిరిగింది. నేనూ సంతకం పెట్టాను. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. 2023లో అప్పటి ప్రభుత్వమే కొత్త ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు ఎక్కువ ఫీజు ఉండే బి, సి (ఎన్ఆర్ఐ) కేటగిరీలు చేసి, బి సీటుకు ఏడాదికి 12 లక్షలు, ఎన్ఆర్ఐ సీటుకు 20 లక్షలు పెట్టింది. మా స్కూల్లో చదివిన పిల్లకు ఆ ఏడు కొద్దిలో ప్రభుత్వ ఫీజు సీటు తప్పింది. పన్నెండు లక్షలు అన్నప్పుడు వాళ్ల నాన్న, టమాటా మార్కెట్‌లో కూలీ, నా ముందు కూర్చుని కాసేపు వేళ్లు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత లేచి వెళ్లిపోయాడు. ఆ పిల్ల ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది.

అంటే బోర్డు ప్రభుత్వానిదిగానే ఉంచి లోపల ధర పెట్టడం ఒక పద్ధతి. బోర్డు కింద భాగస్వామి పేరు చేర్చడం ఇంకో పద్ధతి. చిత్తూరు వాళ్లకు ఇది కొత్త కాదు. జిల్లా ఆసుపత్రిని ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీకి క్లినికల్ అటాచ్‌మెంట్ కింద, అంటే విద్యార్థుల శిక్షణకు, ఇచ్చి పదేళ్లవుతోంది. ఆ ఒప్పందంలో మంచాల గురించి రాశారు, బోధన గురించి రాశారు. ఆ మంచాల మీద పడుకున్నవాళ్ల కేస్ షీట్లు ఎవరివో రాశారా? మదనపల్లె ఒప్పందంలోనైనా రాస్తారా? పీపీపీకి అనుకూలమైనవాళ్లూ వ్యతిరేకులూ కలిసి అడగదగ్గ ప్రశ్న ఇది.


కుప్పం నుంచి
సోమవారం, రాత్రి 9.05

మాస్టారూ, మా దగ్గర 2025 జూలైలో ఏరియా ఆసుపత్రిలో టాటా వాళ్లతో కలిసి డిజిటల్ నర్వ్ సెంటర్ మొదలుపెట్టారు. పల్లెల్లో పీహెచ్‌సీల నుంచే పెద్ద డాక్టర్లతో మాట్లాడించే ఏర్పాటు. మంచి పనే. దూరం తగ్గితే ఆడవాళ్లు ఆసుపత్రికి వస్తారు, మా అత్తే ఉదాహరణ. ఇదే పద్ధతి జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా అంటున్నారు. అందుకే ఇప్పుడే అడగాలి. అందరి రికార్డులూ ఎక్కించేశాక అడిగితే జవాబు చెప్పేవాళ్లు ఉండరు.


చంద్రగిరి వకీలు
సోమవారం, రాత్రి 11.30

కోర్టు పని వల్ల ఆలస్యమైంది. అందరివీ చదివాను. చట్టం ఎంతవరకు అక్కరకొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఉన్నదున్నట్టు రాస్తాను.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల బెంచ్, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చింది. దాని తర్వాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. డేటాను కాపాడలేకపోయిన సంస్థకు 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. కానీ ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి నియమాల్లో 18 నెలల గడువు పెట్టారు. అంటే 2027 మే దాకా ఆ కత్తికి పదును లేదు.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. డేటా ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసు, ఇంగ్లీషులోగానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోగానీ చదువుకునే వీలు మనిషికి ఉండాలి. అంటే తెలుగులో అడిగే హక్కు మనకుంది. ఒప్పుకోవడం ఎంత తేలికో, ఒప్పుకున్నది వెనక్కి తీసుకోవడం కూడా అంత తేలిగ్గా ఉండాలి. ఆశా అక్క వేలిముద్ర పెట్టించే అవ్వకు ఈ రెండూ దక్కాలి.

మింగుడుపడని మాట కూడా ఉంది. ఏడో సెక్షన్ కింద, పథకాలు, రాయితీలు, సేవలు అందించే పనికి ప్రభుత్వం కొన్ని సందర్భాల్లో సమ్మతి అడగకుండానే డేటా వాడుకోవచ్చు. ఐటీ చట్టం కింద వచ్చిన పాత 2011 నియమాల్లో ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైనదని విడిగా చూశారు. కొత్త చట్టంలో ఆ విడి గీత లేదు. అమ్మ క్రియాటినినూ, అమ్మ ఫోన్ నంబరూ ఒకే గాటన కట్టారు. ఒక్క హెచ్ఐవీ విషయంలో మాత్రం 2017 నాటి ప్రత్యేక చట్టం గట్టిగా ఉంది. రాతపూర్వక సమ్మతి లేకుండా, లేదా కోర్టు ఉత్తర్వు లాంటిది లేకుండా ఎవరికీ చెప్పకూడదు. పుత్తూరు సోదరుడు చూసిన ఆ లింక్ ఈ చట్టం ముందు నిలబడదు.

పాకాల తమ్ముడికి. రేపే సూపరింటెండెంట్‌కు తెల్లకాగితం మీద రాసివ్వండి. ఓపీ నంబరు, రక్తం ఇచ్చిన టైము, ఫోన్ వచ్చిన టైము, ఆ నంబరు, ఆమె చెప్పిన అంకె, రిపోర్ట్ మీద ప్రింటైన టైము. ఈ చివరిది మర్చిపోవద్దు. మీ కేసుకు ప్రాణం అదే. ఇంకో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోండి. దాంతోపాటు సమాచార హక్కు దరఖాస్తు ఒకటి పెట్టండి. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. ల్యాబ్ సంస్థతో చేసుకున్న ఒప్పందంలో రోగుల వివరాల గోప్యత గురించి ఉన్న షరతుల నకలు ఇవ్వండి అని మాత్రమే అడగండి. ఎక్కువ అడిగితే తిప్పుతారు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

అమ్మగారి పూర్తి రికార్డు కూడా అడగండి. డాక్టర్లకు 2002 నుంచి ఉన్న నియమావళి ప్రకారం, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మన రికార్డు మనకివ్వడానికి వంకలు పెడతారు గానీ ఊరివాళ్లకు పంచడానికి అడ్డేమీ ఉండదు. నాకు కోపం తెప్పించేది ఇదే.


లీలామహల్ ఆటో
మంగళవారం, ఉదయం 5.50

వకీలు సార్ రాసింది ఫోటో తీసి పెట్టుకున్నాను. నేను ఆటో తోలేవాణ్ణి, నాకు చట్టాలు తెలీవు. కానీ సమాచారం అమ్ముకోవడం అనేది కంప్యూటర్లు రాకముందు నుంచే నేను చూస్తున్నాను. ఎవరు డిశ్చార్జ్ అవుతున్నారు, ఎవరికి సీరియస్, ఎవరు పోయారు అన్నది వార్డు బయట నిలబడే బేరగాళ్లకు ఇంట్లోవాళ్లకంటే ముందు తెలుస్తుంది.

2022 ఏప్రిల్‌లో తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర జరిగింది అందరికీ గుర్తుండాలి. పదేళ్ల కొడుకు చనిపోతే, అక్కడి ప్రైవేటు అంబులెన్సుల వాళ్లు ఎక్కువ డబ్బు అడిగి, బయటి నుంచి వచ్చిన అంబులెన్స్‌ను కూడా అడ్డుకుంటే, ఆ తండ్రి బిడ్డ శవాన్ని బైక్ మీద పెట్టుకుని దాదాపు 90 కిలోమీటర్లు పోయాడు. ఆ తర్వాత కేసులు పెట్టారు, ప్రీపెయిడ్ అంబులెన్సులు అన్నారు. ఆ రోజు నేను స్టాండ్‌లోనే ఉన్నాను. మాలో ఒక్కరం ముందుకు పోయి ఉంటే ఆ తండ్రి అలా పోయేవాడు కాదు. తెలిసేసరికి వెళ్లిపోయాడు.

పాకాల తమ్ముడూ, అమ్మను ఆసుపత్రికి తీసుకురావాల్సినప్పుడు బస్టాండు నుంచి నేను దింపుతాను. డబ్బు వద్దు.


కాంట్రాక్ట్ ల్యాబ్
మంగళవారం, మధ్యాహ్నం 1.15

నిన్న మా డ్యూటీ డాక్టరు గారితో మాట్లాడాను. గ్రూపులో పేరు, ఫోన్ నంబరు లేకుండా ఓపీ నంబరు, ప్రమాదకరమైన అంకె మాత్రమే పెడదామన్నాను. ఆయన ఒప్పుకున్నారు. మానేసిన వాళ్ల నంబర్లు ముప్పై ఆరు తీసేశాం. లాగిన్లు కంపెనీ ఇవ్వాలి, మెయిల్ పెట్టాను. జవాబు లేదు.


ఆశా అక్క, శ్రీకాళహస్తి వైపు
మంగళవారం, సాయంత్రం 4.00

తమ్ముడూ, చల్లగా ఉండు. నేను ఈ నెల బుట్టల పంపిణీలో ఫోటో తీయనివ్వను. బుట్ట ఇంటికే తీసుకుపోయి ఇస్తాను, గోధుమపిండి సంచిలోనే.


గంగవరం రైతు
మంగళవారం, సాయంత్రం 6.30

అక్కా, నిన్న నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నాకు పెళ్లీడుకొచ్చిన కూతురు ఉంది. ఆ పిల్ల నాన్న డయాలసిస్ మనిషి అని నా పేరు ఎక్కడెక్కడ తిరుగుతోందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను. కేంద్రం మాత్రం ఉండాలి. అక్కడ నా ఫైలు ఎవరెవరు చూస్తారో బోర్డు పెట్టమని గురువారం అడుగుతాను. నాతో మిషన్ మీద పడుకునేవాళ్లు ఇంకో ఐదుగురున్నారు, వాళ్లతో కూడా అడిగిస్తాను.


పాకాల అబ్బాయి
బుధవారం, రాత్రి 8.40

అందరికీ దండాలు. ఈ రోజు షాపుకు సెలవు పెట్టి పోయాను. ఆటో అన్న మాట తప్పలేదు.

అమ్మకు విషయం చెప్పేశాను. దాచితే నేనూ ఆ ఫోన్ వాళ్లలాగే అవుతానని అనిపించింది, ఆమె ఒంటి సంగతి ఆమెకు తెలియకుండా నా దగ్గర పెట్టుకోవడం. విని కాసేపు ఊరుకుంది. తర్వాత "ఆ పిల్లకు నా పేరు ఎట్ల తెలిసిందిరా" అని అడిగింది. కిడ్నీ గురించి కాదు, ముందు అదే అడిగింది.

రిపోర్ట్ మీద ప్రింటైన టైము మంగళవారం సాయంత్రం 4.38. ఫోన్ వచ్చింది 12.16. నా ఫోన్‌లో ఉంది, చూపించాను. సూపరింటెండెంట్ గారు కళ్లజోడు తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. కసురుకోలేదు. ల్యాబ్ ఇన్‌ఛార్జిని పిలిపిస్తానన్నారు. నకలు మీద ముద్ర వేయించారు. సమాచార హక్కు దరఖాస్తు కింది అంతస్తులో ఇచ్చాను, తెల్లకార్డు జిరాక్స్ పెట్టాను.

అమ్మకు మళ్లీ ఓపీ చీటీ రాయించేటప్పుడు ఓటీపీ అడిగారు. ఇది ఆభా కోసమా, ఓపీ కోసమా అని అడిగాను. ఆపరేటర్ అమ్మాయి నా మొహం చూసి, "ఆభాకి అన్నా, ఇష్టం లేకపోతే వద్దులే" అని పేరు, వయసు టైపు చేసి చీటీ ఇచ్చేసింది. అర నిమిషం పట్టింది. వెనక ఉన్న ముసలాయన "నాకూ అట్లే రాయమ్మా" అన్నాడు.

డాక్టరమ్మ మందులు మార్చింది, ఉప్పు తగ్గించమంది, నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దని గట్టిగా చెప్పింది. పదిహేను రోజుల తర్వాత మళ్లీ రక్తపరీక్ష. లిఖితపూర్వక జవాబు కోసం సూపరింటెండెంట్ గారు వచ్చే బుధవారం రమ్మన్నారు. రేణిగుంట శ్రీనన్నా, మీ దగ్గర ఆ స్కాన్ కాగితాలు ఉంటే, మీకూ వదినకూ ఇష్టమైతే, మీరూ ఒక అర్జీ రాసుకురండి. నేను ఉదయం తొమ్మిదికి ఓపీ గేటు దగ్గర ఉంటాను.


రేణిగుంట శ్రీను
బుధవారం, రాత్రి 10.02

మా ఆవిడను అడిగాను. తనూ వస్తానంది.